టర్బో కారుకు గాలి మూసేయమన్నది నేనే

కారు కంప్యూటరులో ఫైలు మార్చి ఇంజనుకు బలం పెంచే పని నేర్పమని ఈమధ్య ముగ్గురు కుర్ర మెకానిక్కులు మా ఇంటికి వచ్చారు. హిందూపురంలో ఆ పని మొదట చేసింది నేనేనని వాళ్ళకెవరో చెప్పారట. చెప్పినవాడి నోట్లో మన్ను పడ! నేర్పనని పంపించేశాను. పోతూ పోతూ వాళ్ళు చూసిన చూపు చూస్తే, ముసలాడు విద్య దాచుకుంటున్నాడని అనుకున్నట్టే ఉంది. అందులో దాచుకునేంత విద్య ఏముందని? ల్యాప్‌టాప్ ఉంటే ఎవడైనా చేస్తాడు. నేను దాచుకున్నది వేరే. దాన్నే ఇప్పుడు రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా డీజిల్ ఇంజన్లతో బతికాను. ఎన్ని బండ్లు బాగు చేశాను, ఎవరెవరి మెప్పు పొందాను, అవన్నీ మీకెందుకు? బాగుపడిన బండి మనిషికి ఏమీ నేర్పదు. చెడగొట్టిన బండ్లే నేర్పుతాయి, అదీ నేర్చుకుని లాభం లేని సమయానికి. చదివి మీకు ధైర్యం వస్తుందని మాత్రం ఆశపడకండి. మనుషుల పేర్లు మార్చాను, ఊర్లు మార్చలేదు.

సీలు తీగ

నేను పని నేర్చుకున్నది హిందూపురం పరిగి రోడ్డులో ఒక డీజిల్ పంపు వర్క్‌షాపులో. యజమాని ఖాదర్ సాబు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. మనిషి పొట్టి, కోపం పొడుగు. డీజిల్ పంపు అంటే ఇంజనుకు ఎంత డీజిల్ పోవాలో కొలిచి పంపే భాగం. ఆ కొలత పెంచే మర ఒకటి దాని మీద ఉంటుంది. కంపెనీవాళ్ళు దాన్ని తిప్పకుండా తీగ చుట్టి సీసం సీలు వేసేవాళ్ళు. శెనక్కాయల లోడు లారీలవాళ్ళు, జీపులవాళ్ళు వచ్చి "పంపు పెంచు ఉస్తాద్, గుట్ట ఎక్కుడులో బండి ఏడుస్తాంది" అని బతిమాలేవాళ్ళు. మడకశిర నుంచి వచ్చే జీపు ఆసామి ఒకాయన కన్నడంలో "స్వల్ప జాస్తి మాడి", కొంచెం ఎక్కువ చెయ్యండి అంటూ దండం పెట్టేవాడు. స్వల్పమట! ఎవడైనా అడిగేది స్వల్పమే.

ఉస్తాద్ పెంచేవాడు, పెంచడని కాదు. కానీ ఎవరికి పడితే వాళ్ళకు కాదు. నేను మొదటిసారి కట్టరు తీసుకుని ఆ తీగ తెంపబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమబ్బా, ఇదేమన్నా పూలదండ అనుకుంటివా? ఇంతవరకు ఈ ఇంజన్ కంపెనీది. తీగ తెంపినావంటే నీది. బండి వానిదే, ఇంజన్ మాత్రం నీది. సచ్చేదాకా నీది."

నేను నవ్వాను. ఉస్తాద్ నవ్వలేదు. పంపు పెంచిన ప్రతి బండినీ ఆయన పది రోజులకొకసారి పిలిపించి పొగ చూసేవాడు. రాకపోతే తనే సైకిల్ మీద లారీ స్టాండుకు పోయేవాడు. పొగ నల్లగా ఉంటే అక్కడే డ్రైవరును నాలుగు తిట్టి మళ్ళీ తగ్గించేవాడు. పాత ఇంజన్లలో ఉన్న మంచితనం అదొక్కటి. ఎక్కువ తాగితే పొగ రూపంలో కక్కేవి, మనకు కనపడేది. తరువాత వచ్చినవి లోలోపలే చెడ్డాయి. ఉస్తాద్ అప్పటికి లేడు. ఉండుంటే నన్ను చెప్పుతో కొట్టి ఉండేవాడు. ఆ దెబ్బలు తిన్నా బాగుండేది.

బావి కాడ చౌడప్ప

తొంభైల్లో నేను సొంతంగా షాపు పెట్టుకున్నాక రొద్దం వైపు పల్లెలకు ఆయిల్ ఇంజన్లు బాగు చేయడానికి పోయేవాణ్ణి. బావుల్లో ఇంకా నీళ్ళున్న రోజులు. అక్కడ పరిచయమైనవాడు చౌడప్ప. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఐదెకరాల చేను, ఒక బావి, దాని మీద ఒక ఇంజను. మనిషిని నమ్మితే గొంతు దాకా నమ్మే రకం.

ఒకరోజు ఆ ఇంజన్ విప్పి బిగించి స్టార్టు చేస్తే, డీజిల్ తగ్గించే కడ్డీ ఇరుక్కుపోయి అది మాట వినకుండా పరుగెత్తడం మొదలుపెట్టింది. అరుపు అరుపు కాదు. దిమ్మె అదురుతోంది. చౌడప్ప నాయన అయితే దూరంగా పరుగెత్తాడు. ఇంజన్ పేలిపోతుందని నాకూ గుండె జారింది గానీ, ఉస్తాద్ దగ్గర నేర్చిన కిటుకు ఒకటి ఉంది. గాలి లేకపోతే ఏ ఇంజనైనా చావాల్సిందే. "గాలి డబ్బా పీకి మూతి మూసెయ్!" అని అరిచాను. దగ్గరున్నది చౌడప్పే. డబ్బా పీకి, గోనెసంచి కోసం వెతక్కుండా, అరచేతిని ఆ గొట్టం మూతికి అదిమిపెట్టాడు. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అరచేతి మీద ఎర్రగా గుండ్రటి వాత తేలింది.

"చూడన్నా, ముద్దు పెట్టుకునింది" అని ఆ చెయ్యి ఊళ్ళో అందరికీ చూపించాడు.

ఆ పల్లెల్లో చాలామందికి ఆ అలవాటు ఉండేది. ఇంజన్ మొండికేస్తే మూతికి గోనె, గోనె లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే చెయ్యి. ఏమీ అయ్యేది కాదు. ఎందుకంటే ఆ గొట్టం వెనక గాలి పోయే దారి తప్ప ఇంకేమీ ఉండదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు కావాలి.

తరువాత బావులు ఎండిపోయాయి. చౌడప్ప ఇంజన్ పాత ఇనుపసామానుకు పోయింది. వాడు ధర్మవరంలో అత్తగారింటి దగ్గర చేరి డ్రైవింగు నేర్చుకున్నాడు. కొన్నేళ్ళు పట్టుచీరల అంగళ్ళవాళ్ళ బండ్లు తోలి, చివరికి సొంతంగా ఒక టర్బో డీజిల్ కారు టాక్సీకి కొనుక్కున్నాడు. ధర్మవరం నుంచి బెంగుళూరుకు రోజూ మనుషులుంటారు, ఆసుపత్రులకని, బేరాలకని, పెళ్ళిళ్ళకని. చేను పోయినా బతుకు నిలబడిందని నాకు సంతోషం వేసింది. ఆ కారే వాడికి చేను, బావి, అన్నీ.

ల్యాప్‌టాప్ సారు

రెండువేల సంవత్సరం దాటిన ఆరేడేళ్ళకు మా షాపుకు పంపుల పని తగ్గిపోయింది. కొత్త కార్లలో తిప్పడానికి మరా లేదు, తెంపడానికి తీగా లేదు. అంతా కంప్యూటరే. నాకు చదువు పదో తరగతి. ఇక షాపు మూసుకోవాల్సిందే అనుకుంటున్నప్పుడు బెంగుళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు ప్రకాశ్ అనుకోండి. మేము ల్యాప్‌టాప్ సారు అనేవాళ్ళం. ఇస్త్రీ చొక్కా, గ్రీజు అంటని గోళ్ళు. నాకొక పాత ల్యాప్‌టాప్, ఒక వైరు, కొన్ని ఫైళ్ళు ఇచ్చి రెండు రోజుల్లో పని నేర్పేశాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతో తిరిగే ఒక చిన్న చక్రం. దాని ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని లాగి ఇంజనులోకి కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి నూనె పొర ఒక్కటే. ఎంత గాలికి ఎంత డీజిల్ అన్న లెక్క కంప్యూటరులో పట్టికలా ఉంటుంది. ఆ పట్టిక మార్చడమే రీమ్యాపింగ్. డీజిల్ పెంచు, గాలి పెంచు, కంపెనీ పెట్టిన హద్దులు చెరిపెయ్. కారు ఎగిరి దూకుతుంది. ఎవడికి చేదు?

"సార్, ఇంజనుకేమన్నా అవుతుందా?" అని అడిగాను.

"కంపెనీవాళ్ళు కావాలనే బలం దాచిపెడతారండీ. మనం బయటికి తీస్తున్నాం, అంతే" అన్నాడు.

అరచేతిలో వైకుంఠం చూపించాడు. చూశాను. కంపెనీవాడు దాచింది బలం కాదురా, మనలాంటి మూర్ఖుల కోసం వదిలిన వెసులుబాటు అని అప్పుడు తట్టలేదు. ఎండాకాలం ధర్మవరంలో తారు కరిగి టైరుకు అంటుతుంది. గాలి ఫిల్టరు నెలకే ఎర్రమట్టితో నిండిపోతుంది. కొన్ని బంకుల్లో డీజిల్లో ఏం కలుపుతారో దేవుడికెరుక. బండిలో నలుగురికి బదులు ఏడుగురు. ఇవన్నీ తట్టుకోవడానికి కదా ఆ వెసులుబాటు! దాన్ని నేను బెంగుళూరు చల్లదనంలో ఎవరో రాసిన ఫైలుతో తుడిచేసేవాణ్ణి. పొగ ఎంత వేడెక్కిందో కొలిచే పరికరం నా దగ్గర లేదు. ల్యాప్‌టాప్ సారు దగ్గరా లేదని తరువాత తెలిసింది. ఫైలు ఎక్కించి, పెనుకొండ రోడ్డులో ఒక రౌండు కొట్టి, వీపు సీటుకు కొట్టుకుంటే పని బాగా కుదిరినట్టు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు రెండేళ్ళు ఆ పని చేశాను.

పట్టుచీరల ఆసామి

మొదటి హెచ్చరిక రామాంజులుది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ఆయన కారుకు ఫైలు ఎక్కించిన నాలుగు నెలలకు పిస్టన్ కరిగింది. విప్పి చూస్తే నడినెత్తిన రంధ్రం పడి ఉంది. చూడగానే నాకు తెలుసు అది నా ఫైలు చేసిన పనేనని. డీజిల్ ఎక్కువై, వేడి ఎక్కువై, లోహం కరిగింది. ఇందులో పరిశోధించేదేమీ లేదు.

రామాంజులు షాపు ముందు నిలబడి అరిచాడు.

"ఏమప్పా, కుందేలు మాదిరి పోతాదంటివి. ఇప్పుడు పీనుగ మాదిరి పడుండాది. ఏం చేసినావు దీన్ని?"

నా నోరు తనంతట తానే మాట్లాడింది. "యాడ పట్టిచ్చినావన్నా డీజిల్? దీంట్లో కిరసనాయిలు కలిసింది. వాసన చూడు" అన్నాను.

ఆయన వేలు ముంచి వాసన చూశాడు. డీజిల్ వాసన ఆయనకేం తెలుస్తుంది, పట్టు వాసన తెలుస్తుంది గానీ! నిజమేనని తల ఊపి, పోయి బంకువాడితో గొడవ పెట్టుకున్నాడు. ఆ బంకువాడు ఏ పాపమూ ఎరగడు. నేను షాపులో కూర్చుని చల్లగా నీళ్ళు తాగాను.

అది నా జీవితంలో పెద్ద చెడ్డరోజు. అబద్ధం దొరికిపోయి ఉంటే ఆ రోజే ల్యాప్‌టాప్ మూసేసి ఉండేవాణ్ణి. నా ఖర్మ కొద్దీ అతికింది. ఈ పనిలో తప్పు మోయడానికి ఎప్పుడూ ఎవడో ఒకడు దొరుకుతాడు. బంకువాడు, డ్రైవరు, ఎండ, దుమ్ము. పని చేసినవాడి చెయ్యి మాత్రం ఎవరికీ కనపడదు.

గుడ్డతో తుడిచిన నూనె

చౌడప్ప నా దగ్గరికి వచ్చి ఫైలు ఎక్కించమని అడగలేదు.  నేనే పిలిచి ఎక్కించాను. "నీకు ఊరికే చేస్తా రారా, ఎక్కుడులో రెండో గేరు అక్కరే ఉండదు" అన్నాను. తమ్ముడిలాంటివాడికి మంచి చేస్తున్నాననుకున్నాను. వాడు మురిసిపోయాడు. బెంగుళూరు అరగంట ముందే చేరుతున్నానని ఫోను చేసి చెప్పేవాడు.

టర్బో బండిని తోలి తోలి గబుక్కున ఆపకూడదు. ఆపితే లోపలి నూనె అక్కడికక్కడే మాడిపోతుంది. ఒక నిమిషం ఊరికే నడవనిచ్చి ఆపాలి. మా ప్రాంతం డ్రైవర్లకు డీజిల్ మిగులుతుందని దిగుడులో కూడా ఇంజన్ ఆపేసే అలవాటు. ఎంత చెప్పినా వినరు. చౌడప్ప ఒక్కడు విన్నాడు. బండి ఆపేముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని ఒకటి నుంచి అరవై దాకా పైకి లెక్కపెట్టేవాడు. ఎక్కినవాళ్ళు నవ్వేవాళ్ళట.

ఏడో నెలలో అనుకుంటా, బండి చూపించడానికి వచ్చాడు. గాలి గొట్టం విప్పితే లోపల నూనె. తడి కాదు, కారుతోంది. ఫైలు పెంచిన వేగానికి టర్బో ఇరుసు అరిగి నూనె గాలిలోకి వస్తోందన్నమాట. చేయాల్సింది ఒక్కటే. ఆ క్షణమే పాత ఫైలు ఎక్కించి, కొత్త టర్బో వేసేదాకా బండి కదలనివ్వకూడదు. కానీ అలా అంటే నా ఫైలు తప్పని ఒప్పుకున్నట్టే కదా? చౌడప్ప వెనకే నిలబడి ఉన్నాడు. నేను గుడ్డ తీసుకుని ఆ నూనె శుభ్రంగా తుడిచేశాను.

"ఏమన్నా, నూనె ఉండాది?" అన్నాడు.

"టర్బో అన్నాక కొంచెం ఉంటాది లే."

"బెంగుళూరు దారిలో ఒకని బండి బీగం తీసేసినా ఆగకుండా అరిసిందంట. మనదేమన్నా అట్ల చేస్తాదా?"

వాడు సరిగ్గా అడగాల్సింది అడిగాడు. నూనె ఎక్కువ కారితే ఇంజన్ ఆ నూనెనే డీజిల్ లాగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది. నేను గొట్టం బిగిస్తూ, తల కూడా ఎత్తకుండా అన్నాను.

"చేస్తే ఏముంది? మీ బావి కాడ ఇంజన్ ఆపినట్ల గాలి మూసేయ్. నీకు తెలీనిదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. వాడు వెళ్ళిపోయాడు.

కుర్రవాళ్ళూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి. గేర్లు వేసే బండి అలా పరుగెత్తితే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్చి వదిలేయాలి. ఇంజన్ ఊపిరాడక ఆగుతుంది. సీట్లోంచి లేవనక్కర్లేదు. అప్పటికీ ఆగకపోతే అందరూ దిగి దూరంగా పోవాలి. ఇంజన్ పోతే పోనీ, దాని తద్దినం పెట్టుకోవచ్చు. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకెంతసేపు పట్టేది?

పెనుకొండ దారిలో

ఆ తరువాత మూడు వారాలకు, మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు నాకు ఫోను వచ్చింది. చౌడప్ప నంబరే. మాట్లాడింది వేరే మనిషి, వాడి బండిలో భార్యాపిల్లలతో బెంగుళూరు పోతున్నాయన. మనిషి ఏడుస్తున్నాడు. ధర్మవరం నుంచి వస్తూ పెనుకొండ ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా బండి తెల్లటి పొగ కక్కుతూ అరవడం మొదలుపెట్టిందట. చౌడప్ప పక్కకు ఆపి తాళం తీశాడు. ఆగలేదు. ముందు వాళ్ళనందరినీ దింపి చేనులోకి పంపాడు. తరువాత బానెట్ ఎత్తాడు.

గాలి గొట్టాన్ని టర్బో దగ్గర పీకాడు. భుజం మీది తువ్వాలు మడిచి అరచేతిలో పెట్టుకుని ఆ మూతికి అదిమాడు. బావి కాడ చేసినట్టే. బావి కాడి ఇంజనుకు మూతి వెనక ఏమీ లేదు. దీనికి మూతి వెనకే కత్తిలాంటి రెక్కల చక్రం, లక్ష చుట్లతో. తువ్వాలును లాక్కుంది, తువ్వాలుతో పాటు వేళ్ళను లాక్కుంది. కుడిచేతి మూడు వేళ్ళు. ఇంజన్ ఆగింది.

"ఆటోలో పెనుకొండ ఆసుపత్రికి పంపించినాము. ఫోను నాకిచ్చి మిమ్మల్నే పిలవమన్నాడు" అన్నాడు ఫోనులో మనిషి.

నేను మోటారు సైకిల్ తీశాను. తీసేముందు ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకున్నాను.

హిందూపురం నుంచి పోతే ముందు పెనుకొండ వస్తుంది, తరువాత కారు ఉన్న చోటు. ఆసుపత్రి గేటు ముందు నుంచే పోయాను. గేటు దగ్గర ఆటో నిలబడి ఉంది. ఆపలేదు. నాలుగైదు కిలోమీటర్లు ముందుకు పోయి, ఎక్కినవాళ్ళు వేరే బండిలో పోయాక రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న కారు తలుపు తీసి, సీటు మీద పడున్న తాళం పెట్టి, వైరు తగిలించి, పాత ఫైలు ఎక్కించాను. పది నిమిషాల పని. రేపు షోరూమువాళ్ళు చూస్తే నా ఫైలు కనపడకూడదు కదా. బానెట్ ఎత్తే ఉంది. ఆ వైపు చూడకుండా పని చేశాను. మనిషి ఇంత నీచానికి దిగుతాడని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. నా చేతులు మాత్రం ఆ పని ఎంతో శ్రద్ధగా, ఒక్క తప్పు లేకుండా చేశాయి.

తరువాత ఆసుపత్రికి పోయాను. చెయ్యంతా కట్టు కట్టి అనంతపురం పంపడానికి సిద్ధం చేస్తున్నారు. చౌడప్ప కళ్ళు తెరిచాడు.

"వస్తివా అన్నా. మావాళ్ళు ఇంగా రాలే. అందరికంటే ముందు నువ్వే వస్తివి" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"బండిలో వాళ్ళకేమీ కాలే గదన్నా?"

"కాలేదప్పా."

"అయితే చాలు" అని కళ్ళు మూసుకున్నాడు.

షోరూము కాగితం

షోరూమువాళ్ళు బండి చూసి ఒక కాగితం రాసిచ్చారు. కంప్యూటరులో లోపమేమీ లేదు, వేడి మీద ఇంజన్ ఆపడం వల్ల టర్బో నూనె మాడి పాడైంది, డ్రైవరు నిర్లక్ష్యం, ఉచితంగా బాగు చేయడం కుదరదు. వాళ్ళను తప్పు పట్టను. కంప్యూటరులో లోపం లేకుండా చేసిందే నేను కదా. ఆ కాగితాన్ని చౌడప్పకు చదివి వినిపించింది కూడా నేనే. వాడికి ఇంగ్లీషు రాదు.

 "ఒక్క దినం లెక్కపెట్టకుండా ఆపితి అన్నా" అన్నాడు వాడు. "అదే దెబ్బ కొట్టింటాది."

కాగితం మడిచి వాడి చేతికిచ్చాను.

కారు పోయింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలిన చేత్తో ఎవడు టాక్సీ తోలనిస్తాడు? ఒక పట్టు అంగడి ముందు కాపలా పనికి కుదిరాడు. వాడి భార్య నాగలక్ష్మి ఇంట్లో మగ్గాలవాళ్ళకు దారం కండెలు చుడుతుంది. నేను ల్యాప్‌టాప్ పగలగొట్టి పారేశానని చెబితే వినడానికి బాగుంటుంది. పారేయలేదు, బెంగుళూరుకు తిరిగి పంపేశాను. అప్పటికే నేను ఫైలు ఎక్కించిన బండ్లు ఆ రోడ్లలో ఎన్నో తిరుగుతున్నాయి. ఉస్తాద్ లాగా వెతుక్కుంటూ పోయి మళ్ళీ పాతవి ఎక్కించి ఉండాల్సింది. ఇద్దరివి మార్చాను. మిగతావాళ్ళ దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. అవి ఏమయ్యాయో నాకు తెలియదు.

ధర్మవరంలో

నెలకొకసారి ధర్మవరం పోయి చౌడప్పను చూసి వచ్చేవాణ్ణి. షాపు మూసేశాక, రెండేళ్ళ కిందట, ఇక కడుపులో పెట్టుకోలేక ఒకరోజు మొత్తం చెప్పేశాను. నాగలక్ష్మి పక్కనే కండెలు చుడుతోంది.

"చౌడప్పా, ఆ రోజు నేను ముందు ఆసుపత్రికి రాలే. గేటు ముందర నుంచే కారు కాడికి పోయినా. నా ఫైలు తీసేసి పాతది ఎక్కించినా. నీ టర్బో పోయింది నావల్ల. నూనె కారేది ముందే చూసి తుడిచేసినా. చేత్తో గాలి మూసేయమని చెప్పింది నేనే. నీ తప్పు ఏమీ లేదు."

చౌడప్ప నా వైపు చూసి మెల్లగా నవ్వాడు.

"నువ్వు ఇట్ల అంటావని నాకు తెలుసన్నా. నేను బాధపడతానని నా తప్పు నీ నెత్తినేసుకుంటాండావు. ఆ పొద్దు బండి ఎక్కిన పాప వాంతి చేసుకుంటాదంటే గబుక్కున ఆపితి. అరవై లెక్క పెట్టలే. కాగితంలో కూడా అదే రాసినారు గదా."

"ఒక్కసారి ఆపితే ఏమీ కాదురా! ఏడు నెలలు నేను..." అని అరిచాను.

"అరవద్దన్నా, నీకు బీపీ ఉండాది. పోనీలే, అయిపోయింది గదా" అని నా భుజం తట్టాడు, ఆ చేత్తోనే.

 లేచాను. వీధి మలుపు దాకా నాగలక్ష్మి వెంట వచ్చింది. ఎప్పుడూ అలా రాలేదు.

"నువ్వు చెప్పింది నిజమే గదన్నా?"

"నిజమేనమ్మా."

"నాకు ఇంజన్ల సంగతి తెలీదు. గేటు ముందర పోయినావు సూడు, అది తెలుస్తాంది." ఆమె నన్ను తిట్టినా బాగుండునని నిలబడ్డాను. "ఈ మాట మళ్ల ఎప్పుడూ ఆయనకు చెప్పొద్దు. ఆయన్ని నమ్మించొద్దు. అంతా పోయినా అన్న ఒకడుండాడని బతుకుతాండాడు. అది కూడా తీసేస్తివంటే ఇంగేమీ లేదు ఆయనకు."

తల ఊపాను.

"ఇంగ రాకుండా ఉండొచ్చులే అనుకునేవు. అట్ల కుదరదు. నెలకొకసారి వస్తాండావు గదా, అట్లే రా. మంచోని మాదిరి వచ్చి, ఆయన కాఫీ ఇస్తే తాగి పో" అని వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పోయిన నెల కూడా వెళ్ళాను. చౌడప్ప బొటనవేలితో, చిటికెనవేలితో గ్లాసు పట్టుకుని, ఒలకకుండా జాగ్రత్తగా నడిచి వచ్చి నా చేతికిచ్చాడు. నాగలక్ష్మి కండె ఆపి చూస్తోంది. తాగాను.